పాలధార: విజయనగరపు కోటకావలి దళములకు మిగిలిన స్మృతి

విజయనగరమున ఏటేట విజయదశమి వెళ్లిన తరువాత వచ్చు మంగళవారమునాడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ఈ ఉత్సవమును గూర్చి వ్రాసినవారెల్లరును సిరిమానును వర్ణింతురు. దాని కొసను కూర్చుండు పూజారిని వర్ణింతురు. చూడవచ్చిన జనసందోహమును వర్ణింతురు. సిరిమానునకు ముందు నడచువానిని మాత్రము ఒక్క వాక్యముతో సరిపుచ్చుదురు. అట్లు ముందు నడచునవి బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథము. వీనిలో పాలధార యనునది ఈటెలు, బల్లెములు, కఱ్ఱలు చేతబూని డప్పులు మ్రోగించుచు సాగు జనుల గుంపు. ఒకప్పుడు విజయనగరపు కోటకు కావలియై యుండి, రాజు శత్రువులపై కదలినపుడు తోడుగా నడచిన గిరిజనుల కాల్బలమునకు ఇది గుర్తని ఆ సీమలోని పెద్దలు చెప్పుదురు. ఆ కాల్బలము నేడు లేదు. దానికి జీతమిచ్చిన సంస్థానము లేదు. ఆ సంస్థానమునకు శత్రువులైనవారును లేరు. అయినను దాని నడక మాత్రము నిలిచియున్నది. ఈ వ్యాసమున మేము ఆ నడకను గూర్చియే విచారింపదలచితిమి.

యుద్ధమున మడిసినవారిని తలచుకొనుటకు లోకమున శిలలు కలవు, కావ్యములు కలవు, పాటలు కలవు. మన కళింగసీమయందును ఈ మూడును గలవు. బొబ్బిలిలో పాతకోట యుండిన తావున స్మారకస్తంభము నిలిచియున్నది. దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము పండితలోకమున ప్రసిద్ధము. జంగములు పాడిన బొబ్బిలి కథ పామరలోకమున అంతకంటెను ప్రసిద్ధము. కాని శిలయైనను కావ్యమైనను దొరలను, దొరసానులను, పేరుమోసిన నాయకులను తలచినట్లు బురుజుమీద నిలిచిన బంటును తలపదు. అతనిని లెక్కించునే కాని పేర్కొనదు. 'ఇన్ని వందలమంది పడిరి' అనుచోట అతడు ఒక అంకెలో భాగము. అట్టివానికి ఈ నేలమీద స్మరణ యనునది ఏ రూపమున లభించినదని అడిగినచో, పాలధారను చూపవచ్చునని మా అభిప్రాయము. ఈ అభిప్రాయము నిలువవలెనన్నచో ముందుగా ఆ దళములెట్టివో, అవి ఎక్కడ ఎట్లు పడినవో చెప్పవలసియున్నది.

పదునెనిమిదవ శతాబ్దమున శ్రీకాకుళము సర్కారులోని జమీందారులకు నేటి అర్థమున సైన్యములు లేవు. రాజుకు చుట్టములైన నాయకులు కొందరు, వారివెంట వచ్చు మనుషులు కొందరు, కోటలో నిలిచి కావలికాయువారు కొందరు, కొండదిగువ గ్రామములనుండియు కొండలనుండియు పిలిచినపుడు వచ్చువారు కొందరు, ఇట్లు పలుతెరగుల జనులు కలిసినది దండు. యుద్ధసేవకు బదులుగా గ్రామము లనుభవించువారు మొఖాసాదారులు. కొండలలో ఆ వరుసవారే ముఠాదారులు. దొరకు అక్కఱ కలిగినపుడు తనకు చెల్లు సంఖ్యలో మనుషులను గొనిపోవుట మొఖాసాదారుని విధి. ఆ మనుషులకు సేద్యమే వృత్తి, ఆయుధము అప్పటికప్పుడు చేతికి వచ్చినది. కాబట్టి బొబ్బిలిలోను పద్మనాభములోను పడినవారిలో పెక్కుమంది మొన్నటిదాక నాగలి పట్టినవారే యని గ్రహింపవలెను. కథలలో 'వీరులు' అని పెద్దమాట వినునపుడు మనము ఈ సంగతి మఱతుము.

ఈ కాల్బలమునకు తెనుగున బంట్లు అనియు బంట్రోతులు అనియు పేరు. ఆంగ్లచరిత్రకారులు వీరినే 'ప్యూన్లు' అని వ్రాసిరి. అది పోర్చుగీసువారి మాట, కాలినడకబంటు అని దాని యర్థము. ఈ రెండు మాటల తరువాతి గతి గమనింపదగినది. నేడు ప్యూను అనగా కచేరీలో కాగితములు ఒక బల్లమీదనుండి మఱియొక బల్లమీదికి చేర్చువాడు. బంట్రోతు అన్నను అదియే. దఫేదారు ఒకప్పుడు గుఱ్ఱపుదళములో చిన్న నాయకుడు. తరువాత కలెక్టరుగారి ముందు ఎఱ్ఱపట్టీతో నడచు సేవకుడయ్యెను. ఈటెపోయి బిళ్ల మిగిలినది. కోటను కాచిన ఉద్యోగము కచేరీ తలుపును కాచు ఉద్యోగముగా మాఱిన చరిత్ర యంతయు ఈ నాలుగు మాటలలో నున్నది. భాషయు ఒకవిధమైన స్మారకమే కాని, అది తాను దేనిని స్మరించుచున్నదో తానెఱుగదు.

ఇక బొబ్బిలి. క్రీ. శ. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు కలిసి బొబ్బిలికోటను ముట్టడించిరి. కోటకు ప్రభువు రాజా గోపాలకృష్ణ రంగారావు. కారణములలో సరిహద్దు తగవులు, నీటితగవులు, రెండు వంశముల నడుమ తరతరములుగా నున్న వైరము మొదలైనవి కలవు. వాని నిక్కడ విడుతుము. ఈ యుద్ధమునుగూర్చి తొలుత విపులముగా వ్రాసిన పాశ్చాత్యుడు రాబర్టు ఓర్మ్. అతని గ్రంథపు రెండవ సంపుటము 1778లో వెలువడినది. ఓర్మ్ లెక్కప్రకారము ముట్టడించినవారి వద్ద నాలుగు ఫిరంగులును, 750 మంది ఐరోపావారును, 11,000 మంది బంట్లును సిపాయిలును ఉండిరి. వేకువను ఫిరంగులు మ్రోగుట ప్రారంభమైనది. తొమ్మిది గంటల వేళకు బురుజుల తలలు విఱిగినవి. నిచ్చెనలు వేసికొని నాలుగు దిక్కుల ఒక్కమాఱుగా ఎక్కజూచిరి. గంటసేపు పెనగులాడినను ఒక్కడును గోడ దాటి లోనికి రాలేకపోయెను. మరల ఫిరంగులు, మరల నిచ్చెనలు. మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున కోట నిలువదని రంగారావు నిశ్చయించుకొనెను. స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కరాదని లోపల జరిగిన ఘోరము తెలుగువారందరికిని తెలిసినదే. ఆపైన అతడు బురుజునకు మరలివచ్చి తుపాకి గుండుతో కూలెను. మిగిలినవారు అభయమును అడుగరైరి.

ఈ కథనమున మమ్ము మిక్కిలి ఆకర్షించిన భాగము యుద్ధము కాదు, యుద్ధము ముగిసిన తరువాతి రాత్రి. దొర పడుట చూచిన నలుగురు బంట్లు కోటలో ఎవరును పోని మూలను దాగి, చీకటిపడిన పిమ్మట గోడదిగి, విజయనగరమువారి విడిదిగుండా నడచిపోయి పొదలు చేరిరట. వారిని ఎవరును అనుమానింపకుండుటకు ఓర్మ్ చెప్పిన కారణము చిన్నది: వారు మాటాడినదియు ఆ భాషయే. ఆ పగలంతయు ఒకరినొకరు నఱకుకొన్నవారికి రాత్రి చీకటిలో గొంతునుబట్టి తమవాడెవడో పైవాడెవడో తెలియలేదు. ఒకే భాష, ఒకే యాస, బహుశః ఒకే సంతకు పోవువారు. మూడవనాటి రాత్రి వారిలో ఇద్దరు విజయరామరాజు డేరాలో చొచ్చి అతనిని చంపిరి. శరీరముపై 32 గాయములుండెనని ఓర్మ్ వ్రాసెను. చంపినవారును అక్కడనే చంపబడిరి.

ఓర్మ్ ఈ నలుగురిలో ఒక్కరి పేరును చెప్పలేదు. తెలుగు సంప్రదాయము చెప్పినది. రాజాము కోటను కాచుచుండి ఆలస్యముగా వార్త విన్న తాండ్ర పాపారాయుడును, అతనితోపాటు దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య అనువారును పగతీర్చిరని ఆ సంప్రదాయము. ఇందు మొదటి పేరు ఆబాలగోపాలమునకు తెలియును. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రమున ఎస్. వి. రంగారావును, 1986లో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు' చిత్రమున కృష్ణంరాజును ఆ పేరును ఇంటింటికి చేర్చిరి. రెండవ మూడవ పేర్లను ఎందరెఱుగుదురు? వారును అదే చీకటిలో అదే డేరాకు నడచినవారే. స్మరణకు మెట్లు కలవు. మొదటి మెట్టుమీద దొర, రెండవ మెట్టుమీద నాయకుడు, మూడవ మెట్టుమీద నాయకుని తోడివారు. ఆ క్రిందివారికి మెట్టే లేదు. రంగారావు పసికుమారుని రక్షించి ఫ్రెంచివారి చేతికి తెచ్చియిచ్చిన ముసలివానిని ఓర్మ్ కన్నులకు కట్టినట్లు చూపెను. కాని పేరు చెప్పలేదు. బొబ్బిలి వంశమును నిలిపినవాడు అతడే.

కావ్యముకంటె జంగము కథ ఈ విషయమున కొంత ఉదారము. దానిలో బురుజుబురుజునకు కాపున్నవారి పేరులు, వారి ఇంటిపేరులు దొరలును. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు బొబ్బిలి యుద్ధకథను పరిష్కరించి ప్రకటించుటవలన ఈ పేరులు గ్రంథస్థములైనవి. పేరులను వరుసగా పాడుట కథకునికి శ్రోతలను తనవైపునకు త్రిప్పుకొను ఉపాయము కూడ. తన ఇంటిపేరు వినబడిన శ్రోత ఊరక పోడుగదా. అందువలన ఈ పట్టికలను చరిత్రగా గైకొనునపుడు జాగ్రత్త యవసరము. కాని జాగ్రత్త వేఱు, త్రోసిపుచ్చుట వేఱు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యము గారలు 2001లో ప్రకటించిన గ్రంథమున ఓర్మ్ రచనను, నారాయణకవి కావ్యమును, జానపదుల కథను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, మన దేశమున చరిత్ర తనకు తగిన సాహిత్యరూపమును ధరించి యుండెనని నిరూపింపజూచిరి. ఆ మూడింటితోపాటు నాలుగవదానిని, అనగా వ్రాతలేని నడకను, చేర్పవలసియున్నదని మేమనుకొందుము.

ఆ నడకకు మూలమైన అమ్మవారి కథ ఇట్లు చెప్పబడుచున్నది. పైడిమాంబ విజయరామరాజుకు చెల్లెలు, దేవీభక్తురాలు. బొబ్బిలిపై దండెత్తుట తగదని ఆమె అన్నకు చెప్పెను. అన్న వినలేదు. యుద్ధకాలమున ఆమె మశూచికముతో మంచమున నుండెను. అన్నకు కీడు మూడినదని తోచి, పతివాడ అప్పలనాయుడు మొదలైనవారితో బొబ్బిలికి బయలుదేరి, పెద్దచెరువు దాటకయే అన్న మరణము తెలిసి కూలిపోయెను. తన ప్రతిమ ఆ చెరువున దొరకునని చెప్పి దేవిలో ఐక్యమయ్యెను. బెస్తవారు వలవేసి ప్రతిమను పైకి దీసిరి. నేటికిని ఊరేగింపున బెస్తవారి వల నడచుటకు ఇదియే హేతువు. రైల్వేస్టేషను చేరువను వనంగుడి, నగరమధ్యమున మూడులాంతర్ల వద్ద చదురుగుడి అమ్మవారికి నెలవులు. సోమవారమునాటి రాత్రి తొలేళ్లు, మంగళవారము సిరిమాను. దాదాపు 60 అడుగుల పొడవుగల మాను ఏ ఊర ఏ తోటలో నున్నదో అమ్మవారు పూజారికి కలలో తెలుపునని నమ్మకము.

ఈ కథలో ఒక విశేషమున్నది. దానిని వ్యాఖ్యాతలు తగినంతగా పట్టించుకొనలేదు. విజయనగరము బొబ్బిలిని గెలిచినది. గెలిచిన ఊరు గెలుపునకు గుర్తుగా ఉత్సవము చేయుట లోకరీతి. కాని విజయనగరము చేయుచున్నది అట్టిది కాదు. యుద్ధము వలదన్న స్త్రీని, యుద్ధమువలన ప్రాణము విడిచిన స్త్రీని, ఆ ఊరు తన ఇలవేల్పుగా నిలుపుకొన్నది. ఆమె ముందు నడచు ఈటెలవారు ఆమె వలదన్న యుద్ధమునకే పోయినవారి ప్రతినిధులు. పోవలదని చెప్పిన తల్లియెదుటికి పోయినవారు మరల వచ్చి నడచుచున్నారన్నమాట. దీనిని విజయయాత్ర యనుటకు వీలులేదు. దండు బయలుదేరుటను కాదు, దండు తిరిగివచ్చుటను ఇది చూపుచున్నదని మాకు తోచును. వచ్చినవారిలో కొందరు దేహముతో వచ్చిరి, కొందరు రాలేదు. గుంపుగా నడచునపుడు ఎవరు వచ్చినవారో ఎవరు రానివారో లెక్క తెలియదు.

బొబ్బిలి జరిగిన 37 సంవత్సరములకు విజయనగరమువంతు వచ్చినది. ఈస్టిండియా కంపెనీవారు పేష్కషు బాకీల నిమిత్తము చిన విజయరామరాజును రాజ్యమునుండి తొలగించి, నెలకు 1,200 రూపాయల భరణముతో మచిలీపట్టణమునకు పొమ్మనిరి. అతడు పోలేదు. విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న పద్మనాభమున, అనంతపద్మనాభస్వామి కొండక్రింద, కుంతీమాధవస్వామి ఆలయము చెంత, తన వారితో విడిసెను. 1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వారిపై బడెను. పోరు ముప్పావుగంట మాత్రమే సాగినది. రాజు పడెను. అతని దేహముచుట్టును ఆ సీమలోని ముఖ్యులైన నాయకులు పెక్కుమంది దేహములు పడియుండినవి. కంపెనీవైపున చనిపోయినవారు 13 మంది, గాయపడినవారు 61 మంది.

ఈ యుద్ధము బొబ్బిలివలె దీర్ఘము కాదు, దానివలె కీర్తిగాంచలేదు. చలనచిత్రములు దీనిని తాకలేదు. కాని కావలిదళముల చరిత్రలో బొబ్బిలికంటె పద్మనాభమే ముఖ్యము. రాజు ఓడునని ముందుగనే తెలిసియు విడువక చుట్టునిలిచిన బలము అది. అంగరక్షకుడనగా ఏమో చూపుటకు అంతకంటె ఉదాహరణ మఱియొకటి వలదు. తమ దొరను వారు కాపాడలేకపోయిరి. విడిచి మాత్రము పోలేదు. రాజు కుమారుడు నారాయణబాబును కొండదొరలు తమ అండకు గొనిపోయిరి. పిమ్మట కంపెనీవారు అతనికి సంస్థానమును తిరిగి యిచ్చిరి, కాని పూర్వవైశాల్యముతో గాదు, పూర్వాధికారముతో నంతకంటెను గాదు.

1802నాటి శాశ్వత పరిష్కారముతో జమీందారు పన్ను వసూలుచేసి కట్టువాడుగా మిగిలెను. రక్షణభారము, పోలీసుభారము కంపెనీవైపునకు పోయినది. ఇక కోటకు శత్రువు లేడు. శత్రువులేని కోటకు కావలి యెందుకు? వేడుకకు. దసరా దర్బారున నిలుచుటకు, ఏనుగు ముందు నడచుటకు, దొరవారి రాకను చాటుటకు మనుషులు కావలెను. ఈటె అలంకారమయ్యెను. ఇట్లు దాదాపు ఒకటిన్నర శతాబ్దము గడచిన పిమ్మట 1948నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు శాసనముతో ఆ వేడుకకును ఆధారము తొలగినది. 1958లో విజయనగరపు కోటయే విద్యాసంస్థలకు నెలవైనది. బంటు నిలిచిన గుమ్మముగుండా విద్యార్థులు పోవుచున్నారు. ఇది మేలైన మార్పే. దీనికై ఎవరును చింతింప నక్కఱలేదు. కాని చిత్రమేమనగా, దర్బారు వేడుకలన్నియు పోయినను, ఊరివారి చేతులలో నున్న పాలధార పోలేదు. సంస్థానము జీతమిచ్చి నడపిన కావలి సంస్థానముతో ముగిసినది. అమ్మవారికి మ్రొక్కుగా నడచు కావలి మిగిలినది.

ఇతరదేశములలోని వేడుకదళములు తమ పూర్వులను స్మరించు తీరు ఇందుకు భిన్నముగా నున్నది. రోములో పోపునకు అంగరక్షకులైన స్విట్జర్లండు దళమువారు 1527 మే 6వ తేదీన శత్రువులను అడ్డగించి 189 మందిలో 147 మంది పడిరి. మిగిలినవారు పోపును కోటలోనికి చేర్చిరి. నేటికిని ఆ దళమున క్రొత్తగా చేరువారు మే 6వ తేదీననే ప్రమాణము చేయుదురు. అక్కడ దళము బ్రదికియున్నది, దాని దస్త్రములు బ్రదికియున్నవి, సంఖ్య చెడలేదు, తేదీ చెడలేదు. సంస్థ నిలిచినచోట స్మరణకు సంస్థయే దిక్కు. సంస్థ పోయినచోట ఏమగును? దీనికి మన తెలుగునేలపైననే మఱియొక సాక్ష్యము కలదు. హైదరాబాదు నిజాము కొలువులో ఆఫ్రికా సంతతివారైన సిద్దీల అశ్వికదళ ముండెడిది. 1948 తరువాత ఆ కొలువు పోయినది. వారు కాపురమున్న పేటకు మాత్రము ఏ. సి. గార్డ్సు అను పేరు నిలిచినది. వారి మర్ఫా వాద్యము నగరములోని పెండ్లి ఊరేగింపులలో నిలిచినది. ఆ వాద్యమున కాడువారిలో ఎందఱికి అది యొక రాజరక్షకదళము విడిచిపోయిన ధ్వని యని తెలియును? విజయనగరమున డప్పును, హైదరాబాదున మర్ఫాయును, రెండుచోట్లను గుఱ్ఱములు, కత్తులు పోయి చప్పుడు మిగిలినది. ఇది యాదృచ్ఛికము కాదనుకొందుము. ఆయుధమును ప్రభుత్వము తీసికొనగలదు, జీతము ఆపగలదు; చేతికి అలవడిన దరువును తీసికొనలేదు.

పాలధారలో మృతులను పేరుపెట్టి పిలుచుట లేదు. ఇది స్మరణ యెట్లగునని ఆక్షేపింపవచ్చును. మన సంప్రదాయమున పేరులేని స్మరణ క్రొత్తది కాదు. తర్పణము విడుచువాడు తండ్రిని, తాతను, ముత్తాతను గోత్రనామములతో పిలుచును. అంతతో ఆగడు. సంతులేక పోయిన తన కులమువారికై, పేరు చెప్పక, తడిబట్ట పిండిన నీటిని విడుచును. భీష్మాష్టమినాడు భీష్ముని గోత్రముతో ఏ సంబంధమును లేనివాడును ఆయనకు తర్పణమిచ్చును. పిలుచుటకు కొడుకు లేనివానికి లోకమంతయు కొడుకు కావలెనను భావము దీనిలో నున్నది. మహాలయపక్షము ముగిసిన మఱునాడే దసరా ఆరంభము. దసరా ముగిసిన కొలది దినములకే సిరిమాను. ఇంటింట పితృదేవతలను తలచిన నెలలోపలనే, ఏ యింటివారును తలపనివారిని ఊరు తలచుచున్నదని చెప్పుట కేవలము మా కల్పన యనిపించుకొనదని నమ్ముదుము.

పాలధారను కేవలము దేవతోత్సవములోని హంగుగా చూచువారును కలరు. గ్రామదేవతల జాతరలలో కఱ్ఱలు, డప్పులు, వేషములు ఎక్కడనైనను ఉండును. వానికన్నిటికి యుద్ధస్మృతి నంటగట్టుట అతిశయమని వారి వాదము. సామాన్యముగా ఆ వాదము సరియైనదే. ఇతర జాతరల విషయమున మేమును అంతమాత్రమే చెప్పుదుము. కాని విజయనగరమున సిరిమాను తిరుగు దారిని చూడవలెను. అది చదురుగుడినుండి కోటకును, కోటనుండి చదురుగుడికిని ముమ్మాఱు పోయివచ్చును. రాజవంశమువారు కోట బురుజుపై కూర్చుండి చూతురు. సాధారణముగా జాతర దేవత ఊరి పొలిమేరకో చెరువునకో పోవును. ఇచ్చట దేవత పుట్టింటికి పోవుచున్నది. ఆ పుట్టిల్లు కోట. ఆమె ముందు నడచువారు కోటకావలివారు. వలపట్టిన బెస్తవారు, ఈటెపట్టిన బంట్లు, రథముమీద స్త్రీవేషమున కూర్చుండి అక్షతలు చల్లువారు, బండిపై కట్టిన తెల్ల ఏనుగు: వీరందరు కలిసి ఒక చిన్న సంస్థానమే. దర్బారులో ఉండవలసినవారందరును ఉన్నారు, రాజు తప్ప. రాజుండవలసినచోట చెల్లెలున్నది. ఇట్టి కూర్పు మఱియే జాతరయందును మాకు కనబడలేదు.

బొబ్బిలివైపు మృతుల సంగతి యేమని అడుగవచ్చును. వారికి స్తంభమున్నది, కావ్యమున్నది, కథ యున్నది. ఓడినవారికి కీర్తి యెక్కువగా దక్కుట మన సాహిత్యమున తఱచు. గెలిచినవారి బంట్లకు ఇవేవియు లేవు. నిచ్చెనలెక్కి గంటసేపు బొబ్బిలి గోడలకడ పడిన విజయనగరపు బంటును ఏ జంగమును పాడలేదు. పాడినను శత్రువుగా పాడెను. అతనికున్నది ఈ నడక ఒక్కటే. రెండు ఊళ్లును 1979లో విజయనగరము జిల్లా యేర్పడినప్పటినుండి ఒకే జిల్లాలో నున్నవి. అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళము జిల్లాలో నుండెను. పాపారాయుని రాజాము 2022లో విజయనగరము జిల్లాలో చేరినది. మూడు కోటల నేలయు నేడు ఒకే కలెక్టరు క్రిందనున్నది. సిరిమానునాడు బొబ్బిలి, రాజాము సీమలనుండి వచ్చు జనులును పాలధారకు త్రోవనిచ్చి ప్రక్కన నిలుతురు.

ఇక చేయవలసిన పని కొంత కలదు. సిరిమాను ఛాయాచిత్రములు వేలకొలది యున్నవి; పాలధారలో నడచినవారి మాట వ్రాసియుంచినవారు అరుదు. ఏ గ్రామములవారు నడచుచున్నారు, ఎన్ని తరములుగా నడచుచున్నారు, తండ్రినుండి కొడుకునకు వచ్చు హక్కా, మ్రొక్కా, ఈటెలు ఇంటివా, గుడివా, డప్పుల వరుసలెన్ని, ఏ వరుస ఏ చోట మ్రోగును, గుడి విడిచునపుడు ఒక దరువును కోట చేరునపుడు వేఱొక దరువును కలదా, నడచువారు చెప్పుకొను పూర్వకథలలో బొబ్బిలి పేరు వచ్చునా, పద్మనాభము పేరు వచ్చునా, ఈ ప్రశ్నలు నేడు అడిగినచో చెప్పగల వృద్ధులున్నారు. 'పాల' అను మాటను క్షేత్రపాల, ద్వారపాల శబ్దములతో ముడిపెట్టి రక్షణార్థము చెప్పుటకు పండితులకు ఉత్సాహము కలుగవచ్చును. నడచువాడు ఆ మాటకు ఏ యర్థము చెప్పునో ముందు వినుట మేలు. తెలుగుశాఖలలో ఎం. ఏ. విద్యార్థులు ఏటేట సిద్ధాంతవ్యాసములకు విషయములు వెదకుచుందురు. తొలేళ్లనాటి మధ్యాహ్నమునకే విజయనగరము చేరినచో, మఱునాటి జనసమ్మర్దమునకు ముందు, బల్లెములు సిద్ధము చేసికొనుచున్నవారితో కూర్చుండి మాటాడుటకు వలసినంత వ్యవధి యుండును.